బీ.ఏ. చదివి ఏం చేస్తారు?

వాడలో ఈ ప్రశ్న మాకందరికీ ఎదురైందే. ఇంజనీరింగు, మెడిసిన్ చదివేవాళ్లని ఎవరూ ఇట్లా అడగరు. అంబేద్కర్ చదువులో దీనికి జవాబుంది.

ఆయన 1912లో బొంబాయిలో బీ.ఏ. పూర్తిచేశాడు. కొలంబియాలో అర్థశాస్త్రంతోపాటు చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం చదివాడు. 1916లో అక్కడి సెమినార్‌లో కులం పుట్టుక మీద పత్రం సమర్పించాడు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్‌ల నిర్వచనాలు ముందు పెట్టుకుని వాటి లోటుపాట్లు చూపించాడు. కులం లోపలే పెళ్లి అనే కట్టుబాటే కులానికి ప్రాణమన్నాడు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం దాన్ని నిలబెట్టే పద్ధతులని తేల్చాడు. పెద్ద పేర్లకు బెదరకుండా చదవడమే ఇక్కడి నైపుణ్యం.

విలువల సంగతి 1936లో తేలింది. లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ ఆయన అధ్యక్షోపన్యాసంలో మార్పులడిగింది. ఆయన ఒప్పుకోలేదు. సభ రద్దయింది. ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో అచ్చేశాడు.

అయితే ఇదంతా డిగ్రీయే ఇచ్చిందంటే మేం ఒప్పుకోం. అవే పుస్తకాలు చదివిన అగ్రవర్ణ మేధావుల్లో చాలామందికి కులం ఒక ప్రశ్నే కాలేదు. సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడికి ఆ ప్రశ్న ముందే ఉంది. దానికి ఆధారాలు కూర్చి వాదించడం చదువు నేర్పింది.

మా క్లాసుల్లో నోట్సు బట్టీపట్టమన్నారే గానీ, ఆ పాఠం రాసిందెవరని అడగనివ్వలేదు. మార్చాల్సింది దాన్ని. ఆర్ట్స్ దండగని మన పిల్లల్ని మళ్లిస్తే, మన గురించి రాసే పని మళ్లీ ఎవరి చేతుల్లో పెడుతున్నట్టు?