ముక్కు ఎవరిది, నవ్వు ఎవరి మీద?

దినపత్రికలో కార్టూన్‌కు పాఠకుడు ఇచ్చే సమయం రెండు మూడు సెకన్లు. ఆ కాసేపట్లోనే బొమ్మలో ఉన్నదెవరో తెలియాలి, ఏం చేశాడో తెలియాలి, నవ్వో కోపమో రావాలి. ఎవరన్నది తేలకపోతే మిగతావేవీ జరగవు. ముఖంలోని గుర్తులను పెంచి గీసే క్యారికేచర్‌కు పత్రికల్లో ఇంత పని పడింది అందుకే.

డెస్క్‌లో ఉన్న రోజుల్లో కార్టూనిస్టుల పక్కన కూర్చుని చాలాసార్లు చూశాను. చేయి తిరిగినవాళ్లు ఫొటోను అదేపనిగా చూస్తూ గీయరు. ఒకసారి చూసి పక్కన పెట్టి, గుర్తున్నదే గీస్తారు. మరిచిపోయిందంటే అది అక్కర్లేనిదేనని లెక్క. గుర్తున్నదాన్ని కాస్త పెంచితే చాలు, మనిషి దొరికిపోతాడు. కొన్ని ముఖాలు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. ఎన్టీ రామారావుది వంక పెట్టలేని ముఖం. పెంచడానికి లోపమేదీ కనిపించని ఆ ముఖానికి 1980ల్లో ఆయన కట్టిన కాషాయం, చుట్టిన తలపాగా గుర్తులుగా పనికొచ్చాయి.

పెంచి గీస్తే కించపరిచినట్టేనని కొందరి అనుమానం. కానీ సాక్షి కార్టూనిస్టు పామర్తి శంకర్‌కు 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి తెచ్చిపెట్టింది నెల్సన్ మండేలా క్యారికేచర్. అభిమానంతోనూ పెంచి గీయవచ్చు. తేడా గీతలో లేదు, నవ్వు ఎక్కడ పుట్టిందన్న దాంట్లో ఉంది. పొట్టితనం, నలుపు, కుంటికాలు చూపించి అక్కడితో ఆగిపోతే అది అరుగు మీద కూర్చుని చేసే వెక్కిరింతే. ముక్కు మనిషిని పరిచయం చేసి తప్పుకోవాలి. నవ్వు అతను చేసిన పని మీద రావాలి.

కార్టూన్ ఏ పాటిదో తేల్చుకోవడానికి నేనొక పని చేస్తాను. బొమ్మలో ముఖం మీద బొటనవేలు పెట్టి, అయినా కార్టూన్ నిలబడుతుందా అని చూస్తాను. ఎమర్జెన్సీ నడుస్తుండగా, 1975 డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం వేసిన బొమ్మనే తీసుకోండి. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టిలోంచే, సంతకం చేసిన ఆర్డినెన్స్‌ను తలుపు దగ్గరికి అందిస్తుంటారు. ఇంకా ఏమైనా ఉంటే కాస్త ఆగమని చెప్పమంటారు. ముఖం మూసేసినా అందులో ఏమీ తగ్గదు. తొట్టి, చాచిన చేయి, అందులోని కాగితం, ఈ మూడూ చాలు. రాజ్యాంగ పదవి ఏ స్థితికి వచ్చిందో అవే చెబుతాయి.

ఈ పరీక్షకు లొంగనిది ఒకటుంది, పి.వి. నరసింహారావు మూతి. ఆయన ప్రధానిగా ఉన్న 1991-96 మధ్య దేశంలో కార్టూనిస్టులంతా ముందుకు పొడుచుకొచ్చిన ఆ పెదవులనే పట్టుకున్నారు. ఫైళ్లను నానబెడతారని, మాట్లాడాల్సిన చోట మాట్లాడరని ఆయన మీద ఉన్న విమర్శ. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత అది మరీ పెరిగింది. పుట్టుకతో వచ్చిన మూతి, పదవిలో పాటించిన మౌనం ఒకే గీతలో కుదిరాయి. అక్కడ బొటనవేలు పెడితే కార్టూనే మాయమవుతుంది.

అలాంటి మూతి కార్టూనిస్టుకు ఎప్పుడో గానీ దొరకదు. మిగతా రోజుల్లో బొమ్మ మొదలుపెట్టే ముందు వార్తలన్నీ కూర్చుని చదవాల్సిందే.