పొగ కనబడని పొగబండి

తెలుగునాట రైలుకు జనం పెట్టుకున్న పేరు పొగబండి, గ్రాంథికంలో అదే ధూమశకటం. ఆ పేరు పెట్టినవారు కట్ట పక్కన నిలబడి చూసినవారే గాని ఇంజిన్ ఎక్కినవారు కారేమో. గొట్టం నుంచి నల్లగా సుడులు తిరుగుతూ లేచే పొగ అంటే పూర్తిగా కాలని బొగ్గు గాలిలో కలిసిపోవడమేనని, అది కనబడినంతసేపూ పొయ్యి దగ్గరివాడికి పని ఇంకా పట్టుబడలేదని లోకో షెడ్లలో తెలియనివారు ఉండేవారు కారు.

1947లో భారత రైల్వేల్లోకి వచ్చి రెండు దశాబ్దాల పాటు తయారైన డబ్ల్యూపీ తరగతి ఇంజిన్‌ను (డబ్ల్యూ బ్రాడ్‌గేజికి, పీ ప్రయాణికుల బండికి గుర్తు) చూస్తే ఈ యంత్రం తీరు తేటపడుతుంది. డ్రైవరు నిలబడే చోటికి ఆనుకొని ఫైర్‌బాక్స్ అనే పెద్ద పొయ్యి, దాని ముందు పొడవాటి బోయిలర్ ఉంటాయి. పొయ్యిలోని వేడి వాయువులు నీటి నడుమ అమర్చిన గొట్టాల గుండా సాగుతూ నీటిని మరిగించగా పుట్టిన ఆవిరి చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడికి చేరి, సూపర్‌హీటర్ అనే సన్నగొట్టాల వరుసలో ఇంకా కాగి, తడి వదిలి, సిలిండర్లలో పిస్టన్లను ముందుకూ వెనక్కూ నెడుతుంది. పని ముగిసిన ఆవిరిని ఊరికే వదిలేయరు. ఇంజిన్ ముక్కులోని చిన్న మూతి గుండా దాన్ని పొగగొట్టంలోకి చిమ్ముతారు. ఆ విసురుకు లోపలి వాయువులు బయటికి ఈడ్చుకుపోగా పొయ్యి అడుగు నుంచి కొత్త గాలి లోనికి తోసుకువస్తుంది. బండి ఎంత బరువు లాగితే ఆవిరి అంత గట్టిగా చిమ్ముతుంది, మంట అంతగా రాజుకుంటుంది. పిల్లలు ఆటలో అనుకరించే ఛుక్‌ఛుక్ ఆ చిమ్ముడు చప్పుడే. రెండు సిలిండర్ల ఇంజిన్‌లో చక్రం ఒక్క చుట్టు తిరిగితే అది నాలుగుసార్లు వినబడుతుంది. ఇంత తెలివైన ఏర్పాటు ఆ యంత్రంలో మరొకటి లేదు.

అది ఫలించడం మాత్రం ఫైర్‌మన్ నేర్పును బట్టి ఉండేది. బొగ్గు పెళ్లలను పిడికిలంత ముక్కలుగా కొట్టి, తలుపు తెరిచిన ఆ కాస్త వ్యవధిలో మంట ఎక్కడ తెల్లబడి పొర పలచనైందో కనిపెట్టి, పార అక్కడికే విసిరి, గోడల వెంబడి మందంగా, నడుమ పలచగా పరిచి, వెంటనే తలుపు మూయాలి. తెరిచి ఉంచితే చల్లగాలి దూరి గొట్టాల చివరలు కారడం మొదలవుతుంది. కొంచెం కొంచెంగా, తరచుగా వేసేవాడి బండికి లేత బూడిదరంగు పొగే లేచేది. నీటిమట్టం చూపే గాజుగొట్టం మీదా అతని కన్ను ఉండాలి. నీరు తగ్గి పొయ్యి పైకప్పు బయటపడితే అక్కడ బిగించిన సీసపు బిరడా కరిగి ఆవిరి మంట మీదికి దూకుతుంది, ఆ హెచ్చరికనూ పట్టించుకోకపోతే బోయిలర్ పేలుతుంది. డ్రైవరు విద్య వేరు: బయలుదేరేటప్పుడు పిస్టన్ నడకలో చాలా భాగం ఆవిరిని పోనిచ్చి, వేగం అందుకున్నాక సరఫరాను ముందుగానే తెంచి, లోపల చిక్కిన ఆవిరి వ్యాకోచంతోనే మిగతా తోపు రాబట్టేవాడు, ఆ తెంపునే కటాఫ్ అంటారు.

ఇంత చేసినా బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా చక్రాలకు చేరేది కాదు. అయితే ఆవిరి ఇంజిన్‌ను దించేసింది ఈ లెక్క ఒక్కటే అనుకోవడం పొరపాటు. కదలని వేళ కూడా అది మనుషుల చాకిరీ కోరేది. చల్లారిన బోయిలర్‌లో మళ్లీ ఆవిరి తెప్పించడానికి గంటలు పట్టేది. దారిలో నీళ్లు పట్టాలి, చివర బూడిద దులపాలి, కొన్నాళ్లకోసారి బోయిలర్ కడిగి పేరుకున్న ఉప్పు పెచ్చులు ఊడ్చాలి. ఇంజిన్లకు బొగ్గు చేర్చడానికే వేరే బండ్లు నడపాలి. ఇల్లెందు దగ్గర 1889లో తవ్వకం మొదలైన సింగరేణి బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఒక లైనే వేశారు. మీట నొక్కితే కదిలే డీజిల్ ఇంజిన్లు 1964 నుంచి వారణాసిలోనే తయారవుతుండగా, చిత్తరంజన్ కర్మాగారం 1970 జూన్‌లో చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజిన్‌ను అంతిమ్ సితారా అనే పేరుతో విడుదల చేసింది. 1995 డిసెంబరు 6న జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య నడిచిన బండితో బ్రాడ్‌గేజి మీద ఆవిరి రోజువారీ కొలువు ముగిసింది.

నీలగిరి కొండబండికి ఇప్పుడు ఎక్కువగా నూనె మండించే ఇంజిన్లే కావడంతో అక్కడా పారకు పని తగ్గింది. డార్జిలింగ్‌లో మాత్రం 1889 నాటి నమూనాకు చెందిన చిన్న బీ తరగతి ఇంజిన్లు ఇంకా బొగ్గుతోనే కొండ ఎక్కుతాయి. తడి పట్టాల మీద చక్రం జారకుండా, ఇంజిన్ ముందు భాగాన కూర్చున్న మనిషి గుప్పెడు గుప్పెడుగా ఇసుక చల్లుతూ పోతాడు.