రంగు డబ్బా తెరవకండి

పాత ఇనుప సామాను కొట్లో తూకానికి సిద్ధంగా ఉన్న సైకిల్ కనిపిస్తే, ముందు పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రాన్ని చేత్తో తుడిచి చూడండి. మడ్డి కింద మూడు కొంగ తలలు తేలాయంటే అది రాలీ. నాటింగ్‌హామ్ నుంచి ఓడెక్కి వచ్చిందో, స్వాతంత్ర్యం తరువాత ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ వారు చేశారో తరువాత తేల్చుకోవచ్చు. ముందు కాటా ఎక్కకుండా ఆపాలి. వెనక హబ్బు మీద స్టర్మీ-ఆర్చర్ పేరు, ఆ పక్కనే రెండంకెల సంఖ్య ఉంటే ఇంకా అదృష్టం. 56 అని ఉంటే ఆ హబ్బు 1956లో తయారైందని అర్థం. మధ్యలో ఎవరూ మార్చకపోయి ఉంటే సైకిల్ వయసు కూడా అదే.

ఇంటికి తేగానే చాలామంది చేసే పని, గరుకు కాగితంతో గీకించి నల్లరంగు స్ప్రే కొట్టించడం. అక్కడే సైకిల్ సగం పోతుంది. ఆ ఫ్రేము మీది సన్నటి బంగారు గీతలు పనివాళ్లు కుంచెతో చేతిమీద లాగినవి. ఎక్కడో ఒకచోట గీత కాస్త లావెక్కి మళ్లీ సన్నబడుతుంది. ఆ చెయ్యి మళ్లీ దొరకదు. అందుకని థిన్నరు, పెట్రోలు దగ్గరికి రానివ్వకూడదు. సబ్బునీళ్లతో మెత్తని గుడ్డ ముంచి తుడిచి, ఆరాక మైనం పట్టిస్తే చాలు. పెచ్చులూడిన చోట ఊడినట్టే ఉండనివ్వండి. నికెల్, క్రోము భాగాల మీది తుప్పుకు అల్యూమినియం రేకు కాగితాన్ని ఉండచేసి, నీళ్లలో ముంచి రుద్దితే చాలావరకు వదులుతుంది.

విప్పడంలో అసలు పరీక్ష కాటర్ పిన్ను దగ్గర. పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించే ఈ ఏటవాలు మేకు, ఏళ్ల తరబడి తుప్పుతో కరుచుకుపోయి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాలి. నట్టును పూర్తిగా తీసేయకుండా మర చివరకు సమంగా వదులు చేయాలి. దెబ్బ మర మీద పడితే పిన్ను తల చితికి, ఇక డ్రిల్లు తప్ప దారి ఉండదు. కడ్డీ కింద బలమైన ఇనుప గొట్టం నిలబెట్టి, దాని బోలులోకి పిన్ను దిగేలా చూసుకుని, బరువైన సుత్తితో ఒక్కటే గట్టి దెబ్బ వేయాలి. చిన్నచిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను వంగుతుంది. ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలి బాల్స్ మీదే పడుతుంది. తిరిగి బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి, లేకపోతే పెడళ్లు ఒకే గీతలోకి రావు.

లోపలి కప్పుల్లో చైను వైపుది ఎడమ మర. తెలియక మామూలుగా తిప్పిన కొద్దీ మరింత బిగుసుకుంటుంది. నిజానికి దాన్ని ముట్టుకోనవసరమే లేదు. ఎడమవైపు కప్పు తీస్తే ఇరుసు బయటికొస్తుంది, గ్రీజు కడిగి, పక్కకు పదకొండేసి పావంగుళం బాల్స్ కొత్తవి వేయవచ్చు. అరిగింది ఒక్కటే అని ఆ ఒక్కటీ మార్చకూడదు, అన్నీ ఒకే సైజులో ఉండాలి. మరో జాగ్రత్త: నాటింగ్‌హామ్ రాలీ మరలు అంగుళానికి 26 చుట్లు. మామూలు కప్పులకు 24. బజారు కప్పును బలవంతంగా బిగిస్తే ఫ్రేములోని మర నాశనమవుతుంది.

చక్రం బెండు తీయడం సైకిల్ షాపుల్లో ఇంకా బతికున్న విద్య. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక 40. ఈ సైకిళ్ల బ్రేకు ఇనుప కడ్డీలతో పనిచేస్తుంది, రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి అంచును పైకి లాగి పట్టుకుంటాయి. కాబట్టి పక్కల బెండు ఒక్కటి తీస్తే సరిపోదు, ఎత్తుపల్లాలూ పోవాలి, లేకుంటే బ్రేకు తగిలి తగలనట్టు ఉంటుంది. అనుభవమున్న మేస్త్రి పుల్లల్ని రెండేసి పట్టుకుని వేళ్లతో నొక్కుతూ పోతాడు, వదులుగా ఉన్నచోట నిప్పల్‌ను పావు చుట్టు మాత్రమే తిప్పుతాడు. కోనుల బిగువు చూసే పద్ధతి ఇంకా బాగుంటుంది. చక్రాన్ని మెల్లగా కదిపి వదిలితే, వాల్వు బరువుకే అది కిందికి దిగి ఆగాలి. కిందికి దిగకుండా మధ్యలోనే నిలిచిందంటే కోను బిగుసుకున్నట్టు.

తోలు సీటు ఎండి గట్టిపడిందని ముందరి బోల్టు తిప్పితే రివెట్ల దగ్గర చిరుగుతుంది. ముందు అడుగువైపు తోలుకు పట్టించే మైనం పూసి మెత్తబడనివ్వాలి.

28 అంగుళాల టైర్లు, కాటర్ పిన్నులు, బ్రేకు రబ్బర్లు ఇవాళ్టికీ మన బజార్లలో దొరుకుతున్నాయి. పాలక్యాను మోసే సైకిల్ ఇంకా తిరుగుతోంది కాబట్టే ఈ సామాను తయారవుతోంది. పాత సైకిల్ బాగుచేసుకునేవాళ్లు ఆ పాలవాడికి రుణపడి ఉన్నారు.

మార్చిన ప్రతి పాత భాగాన్నీ, వంగిన పిన్నుతో సహా, గుడ్డ సంచిలో వేసి ఏది ఎక్కడిదో చీటీ కట్టి సైకిల్‌తోపాటే ఉంచండి. రేపు దాన్ని విప్పబోయే మేస్త్రికి కొలతలు వెతుక్కునే పని తప్పుతుంది.