బాల్కనీలో ఇద్దరు

1987లో ఒక వారం, షికాగో విమర్శకులు రోజర్ ఎబర్ట్, జీన్ సిస్కెల్ కలిసి చేసే టీవీ సినిమా సమీక్షల కార్యక్రమంలో, ఒకే ఎపిసోడ్‌లో రెండు సినిమాలు చర్చకు వచ్చాయి. ఒకటి వియత్నాం యుద్ధం మీద స్టాన్లీ కూబ్రిక్ తీసిన ‘ఫుల్ మెటల్ జాకెట్’. రెండోది ‘బెంజీ ద హంటెడ్’. అడవిలో తప్పిపోయిన ఒక బుజ్జి కుక్క, తల్లిలేని కూగర్ కూనల్ని కాపాడే పిల్లల సినిమా అది. రోజర్ ఎబర్ట్ కూబ్రిక్‌కి బొటనవేలు కిందికి దించాడు, కుక్కకి పైకెత్తాడు. నడవకి అవతలి సీట్లో ఉన్న జీన్ సిస్కెల్‌కి ఒళ్లు మండింది. కూబ్రిక్‌ని కాదని ఈ కుక్క సినిమాని మెచ్చుకుంటావా అని నిలదీశాడు. ఎబర్ట్‌కీ కోపం వచ్చింది. రెండింటినీ ఒకే తక్కెడలో వెయ్యడమే అన్యాయమన్నాడు. ఏ సినిమా ఏం చెయ్యబోయిందో అది చేసిందా లేదా అన్నది అతని లెక్క. సిస్కెల్ లెక్క వేరు. వేలు ఎత్తడమంటే డబ్బులు పెట్టి చూడమని జనానికి చెప్పడం, కాబట్టి ఆ మాటకి జవాబుదారీ ఉండాలి.

కూబ్రిక్ విషయంలో నేను సిస్కెల్ పక్షమే. కానీ ఎబర్ట్ లెక్కని తోసిపుచ్చడం ఇప్పటికీ నాకు సాధ్యం కాలేదు. సినిమాని దేనితో కొలవాలి అన్న ప్రశ్న మీద పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. ఆ ప్రశ్నని టీవీలో, ప్రకటనల మధ్య, నాలుగు నిమిషాల్లో, కేకలేసుకుంటూనే ఇంత స్పష్టంగా మామూలు జనం ముందు పెట్టినవాళ్లు నాకు ఇంకెవరూ కనబడలేదు.

కొత్త సినిమాల గురించి వారం వారం టీవీలో చెప్పే పద్ధతికి చాలా దేశాల్లో చాలా రూపాలున్నాయి. ఇంగ్లండ్‌లో బీబీసీ వాళ్లకి 1972 నుంచి బ్యారీ నార్మన్ ఉండేవాడు. కార్యక్రమం పేరులో ఏ ఏడాదికి ఆ ఏడాది అంకె మారుతుండేది. ఆయన ఒక్కడే, కుర్చీలో కూర్చుని, చక్కగా రాసుకున్న మాటలు చెప్పేవాడు. వినడానికి హాయిగా ఉండేది. అయితే ఆయన చెప్పింది తప్పని ఆ గదిలో అనేవాళ్లు లేరు. షికాగో వాళ్లు ఆ రెండో మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. నా దృష్టిలో ఈ కళలో అసలైన మలుపు అదే.

వాళ్ల కార్యక్రమం 1975లో మొదలైంది. షికాగోలో డబ్ల్యూటీటీడబ్ల్యూ అనే పబ్లిక్ టీవీ స్టేషన్‌లో, ‘ఓపెనింగ్ సూన్ ఎట్ ఎ థియేటర్ నియర్ యూ’ అన్న చాంతాడంత పేరుతో, నెలకొక్కసారి వచ్చేది. తర్వాత ‘స్నీక్ ప్రివ్యూస్’ అని పేరు మార్చుకుని పీబీఎస్ ద్వారా దేశమంతా వెళ్లింది, వారపత్రికలా వారం వారం రావడం మొదలెట్టింది. 1982లో ఇద్దరూ బయటికొచ్చి ‘ఎట్ ద మూవీస్’ పెట్టుకున్నారు. 1986లో డిస్నీ వాళ్ల గూటికి చేరాక వాళ్ల పేర్లే కార్యక్రమానికి పేరయ్యాయి.

ఈ ఇద్దర్నీ స్నేహితులని ఏరి తేలేదు. ఎబర్ట్ 1967 నుంచి ‘షికాగో సన్-టైమ్స్’లో సినిమా విమర్శ రాస్తున్నాడు. 1975లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. సినిమా విమర్శకి ఆ బహుమతి రావడం అదే మొదలు. సిస్కెల్ 1969 నుంచి ‘షికాగో ట్రిబ్యూన్’లో ఉన్నాడు. ఒకే ఊరు, పోటీ పత్రికలు. ఒకడి కంటే ఒకడు ముందు రాయాలన్న పంతం. ఒకే ప్రివ్యూ హాల్లో కూర్చునేవాళ్లు కానీ పెద్దగా పలకరింపులుండేవి కావు. తెర మీద మనకి కనిపించే చురచుర అందుకే అంత సహజంగా ఉంటుంది. మొదట్లో ఇద్దరికీ కెమెరా ముందు మాట్లాడటం రాదు. బిగుసుకుపోయేవాళ్లు. వాళ్లని దారిలో పెట్టి, కార్యక్రమానికి ఒక ఒడుపు తేవడంలో నిర్మాత థియా ఫ్లామ్‌ది పెద్ద చెయ్యి.

ముందు ఆ సెట్ చూడండి. థియేటర్ బాల్కనీ. మెత్తటి సీట్లు, మధ్యలో నడవ, అటొకరు ఇటొకరు, ఎదురుగా తెర. నేల, బెంచీ, బాల్కనీ ఎరిగిన మనకి ఆ సెట్ ఏం చెబుతోందో వివరించక్కర్లేదు. వార్తలు చదివేవాడిలా బల్ల వెనకాల కూర్చుని ఉంటే వాళ్లు నిపుణులయ్యేవారు. బాల్కనీలో కూర్చున్నారు కాబట్టి ప్రేక్షకులయ్యారు, మనతో పాటు టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లలా. మనకంటే ఎక్కువ సినిమాలు చూసినవాళ్లు, అంతే తేడా.

అరగంట కార్యక్రమంలో నాలుగైదు సినిమాలు. ప్రకటనలు పోగా ఒక్కో సినిమాకి దక్కేది నాలుగు నిమిషాలు, అటూ ఇటూగా. సినిమాల్ని ఇద్దరూ పంచుకుంటారు. ఎవరి వంతు సినిమాని వాళ్లు పరిచయం చేస్తారు. ఆ పరిచయం రాసుకున్నదే, మాట మాట తూచి రాసుకున్నది. కథ ఎక్కడ మొదలై ఎక్కడ చిక్కుపడిందో అంతవరకే చెబుతారు. చిక్కు ఎలా వీడిందో చెప్పరు. అక్కడ ఆపి, తెర మీద సినిమాలోంచి ఒక ముక్క చూపిస్తారు.

ఆ ముక్కని గమనించాలి. ట్రైలర్ అయితే రెండున్నర నిమిషాల్లో వంద షాట్లు గిరగిరా తిప్పి సినిమాని అమ్ముతుంది. వీళ్లు చూపించేది చాలాసార్లు ఒకే సన్నివేశం: ఒక గదిలో ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, లేదా ఒక మనిషి తలుపు తియ్యాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటాడు. ముప్ఫై నలభై సెకన్లు అలా వదిలేస్తే నటుడి గొంతు, దర్శకుడి నిదానం, సంభాషణలో పస ఉందో లేదో అన్నీ బయటపడతాయి. ఆ తర్వాత విమర్శకుడు ‘నటన పేలవంగా ఉంది’ అన్నాడనుకోండి, ఆ నటనని మనం ఇప్పుడే చూశాం. ఆయన మాటని మనమే పరీక్షించుకోవచ్చు. ఒక్కోసారి ఆయన బాగాలేదన్న ముక్కే మనకి నచ్చేస్తుంది, ఆ సినిమాకి వెళ్లాలనిపిస్తుంది. పత్రికలో రాసే విమర్శకి ఈ సౌకర్యం లేదు. అక్కడ సినిమా కూడా విమర్శకుడి మాటల్లోంచే మనకి చేరాలి.

ముక్క అయిపోగానే రెండో మనిషి వైపు తిరుగుతారు. ఇక్కణ్ణుంచి రాసుకున్నది ఏమీ లేదు. సినిమా ఎలా ఉందో ముందే మాట్లాడేసుకుంటే ఊపు పోతుందని షూటింగ్ దాకా అభిప్రాయాలు దాచుకునేవాళ్లు. అందుకే ఎదుటివాడి మాట విన్నప్పుడు ముఖంలో వచ్చే ఆశ్చర్యం నిజమైనది. సిస్కెల్ యేల్‌లో తత్వశాస్త్రం చదివినవాడు. ఎదుటి వాదంలో సందు ఎక్కడుందో వెతికి అక్కడే వేలు పెట్టేవాడు. ఆయనకి ఒక కొలత ఉండేది: ఇదే నటులు కలిసి భోజనం చేస్తుంటే తీసిన డాక్యుమెంటరీ కంటే ఈ సినిమా ఆసక్తిగా ఉందా? ఎబర్ట్‌ది ఇంకో తీరు. సినిమా తనని ఏం చేసిందో ముందు చెప్పి, ఆ అనుభవానికి కారణం వెతుక్కుంటూ వెళ్లేవాడు. ఒకడిది ప్లీడరు పద్ధతి, ఒకడిది కథకుడి పద్ధతి. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకోవడంలోంచే వెలుగు వచ్చింది.

నాకు చాలా ఇష్టమైన ఘట్టం 1996లోది. జాన్ వూ తీసిన ‘బ్రోకెన్ యారో’కి సిస్కెల్ మొదట వేలెత్తాడు. ఎబర్ట్ తనకి ఎందుకు నచ్చలేదో చెప్పుకుంటూ పోయాడు. విన్నాడు, విన్నాడు, చివరికి సిస్కెల్ తన ఓటు మార్చుకుని వేలు దించేశాడు, కెమెరా ముందే. ఇరవై ఏళ్లుగా గెలవడానికే పోట్లాడుతున్న మనిషి అవతలివాడి వాదనలో బలముందని ఒప్పుకోవడం చూస్తే మనసు నిండుతుంది. టీవీ చర్చల్లో ఎవరైనా అలా మారడం మనం ఎన్నిసార్లు చూశాం?

ఇక వేలి సంగతి. ‘స్నీక్ ప్రివ్యూస్’లో అవును, కాదు అని చెప్పేవాళ్లు. 1986లో బొటనవేలు వచ్చింది. ‘టూ థంబ్స్ అప్’ అన్న మాటకి ట్రేడ్‌మార్క్ కూడా తీసుకున్నారు. అది పోస్టర్ల మీదికెక్కింది, సినిమా కంపెనీలకి ఆయుధమైంది. 1990లో రిచర్డ్ కార్లిస్ అనే విమర్శకుడు ‘ఫిల్మ్ కామెంట్’ పత్రికలో దీని మీద గట్టిగా దాడి చేశాడు. ఇలా వేళ్లతో తేల్చేస్తే విమర్శ బతుకుతుందా అని అడిగాడు. ఎబర్ట్ అదే పత్రికలో సుదీర్ఘంగా జవాబిచ్చాడు. కార్లిస్ భయం ఉత్తది కాదు. వేలు చూసి మాట వదిలేసిన ప్రేక్షకులు కోట్లలో ఉండి ఉంటారు. కానీ ఆ కార్యక్రమంలో వేలు చివర వచ్చేది. వాదన అంతా అయ్యాక, లెక్క తేల్చే చోట. రెండు వేళ్లు రెండు దిక్కులు చూపించినప్పుడు ఇంట్లో కూర్చున్నవాడు తనే ఆలోచించుకోక తప్పేది కాదు.

ఈ కార్యక్రమం విలువ నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది చిన్న సినిమాల దగ్గర. 1981లో లూయీ మాల్ తీసిన ‘మై డిన్నర్ విత్ ఆండ్రే’లో ఇద్దరు మనుషులు రెస్టారెంట్లో భోంచేస్తూ మాట్లాడుకుంటారు, సినిమా అంతా అదే. దాన్ని ఇద్దరూ నెత్తిన పెట్టుకున్నారు. ఎరల్ మోరిస్ పెంపుడు జంతువుల శ్మశానాల మీద తీసిన ‘గేట్స్ ఆఫ్ హెవెన్’ గురించి ఒకసారి చెప్పి ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ చెప్పారు. ‘హూప్ డ్రీమ్స్’ సంగతి ఇంకా గొప్పది. షికాగోలో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లవ్వాలని ఏళ్ల తరబడి పడిన పాట్లు అందులో ఉంటాయి. దాదాపు మూడు గంటల డాక్యుమెంటరీ. 1994 జనవరిలో సండాన్స్ ఉత్సవంలో ఉన్నప్పుడు దానికి కొన్నవాళ్లు లేరు, థియేటర్ లేదు. విడుదలే కాని సినిమాని టీవీలో సమీక్షించడం ఎవరికి పనికొస్తుంది? అయినా వాళ్లు చేశారు. ఆ ఏడాది అక్టోబర్‌లో సినిమా థియేటర్లకి వచ్చింది. ఏడాది చివర ఇద్దరి జాబితాల్లోనూ అదే మొదటి స్థానం. ఆస్కార్‌లో ఉత్తమ డాక్యుమెంటరీ నామినేషన్ రాకపోతే పెద్ద గొడవయింది, ఆ ఎంపిక పద్ధతే మార్చాల్సి వచ్చింది. ఆ సినిమా తీసిన స్టీవ్ జేమ్సే తర్వాత ఎబర్ట్ జీవితం మీద ‘లైఫ్ ఇట్‌సెల్ఫ్’ తీశాడు.

కొన్ని వారాలు కొత్త సినిమాలు పక్కనపెట్టి ఒకే విషయం పట్టుకునేవాళ్లు. 1980లో అలాంటిదొకటి చేశారు, ఆడవాళ్లని వెంటాడి నరికే సినిమాల మీద. అందులో కెమెరా ఎక్కడ నిలబడిందో చూపించారు. హంతకుడి కళ్లలోంచి చూపిస్తే ప్రేక్షకుడు ఎవరి పక్షాన కూర్చున్నట్టు? స్వతంత్రంగా బతికే అమ్మాయికే శిక్ష పడుతోందేం? అదే నోటితో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ని మెచ్చుకుని, భయపెట్టడంలోనూ మర్యాద ఉంటుందని ముక్కలు చూపించి మరీ చెప్పారు. పాత నలుపు తెలుపు సినిమాలకి కంప్యూటర్‌తో రంగులెయ్యడం మొదలైనప్పుడు 1986లో దాన్ని విధ్వంసమన్నారు. తర్వాత నలుపు తెలుపు అందం మీద ఒక ఎపిసోడ్ మొత్తాన్నీ నలుపు తెలుపులోనే తీశారు. నీడ ఎందుకు వాడతారో నీడలో కూర్చుని చెప్పారన్న మాట.

మన సినిమాలకి ఇప్పుడు మాటకి కొదవ లేదు. అమెరికాలో ప్రీమియర్లు ముందే పడతాయి, అక్కడి తెలుగువాళ్ల టాక్ ఇక్కడ మార్నింగ్ షో పడకముందే ఫోన్లలోకి వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో థియేటర్ల బయట మైకులు సిద్ధంగా ఉంటాయి. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, వన్ టైమ్ వాచ్. మధ్యాహ్నానికి రెండుంపావు అనో, 2.75 అనో ఒక అంకె తేలిపోతుంది. ఆ పావుకి, ఆ ముప్పావుకి మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. మన ఇళ్లలో సినిమా మీద జరిగే వాదనలు ఇంతకంటే ఎంతో నయం. బావా బావమరిదీ భోజనాల దగ్గర ఒక క్లైమాక్స్ గురించి గంటసేపు కొట్టుకుంటారు, సీన్లు పేరుపేరునా చెప్పుకుంటూ. ఆ వాదనకి తెర మీద చోటు దొరకలేదన్నదే నా బాధ. సమ ఉజ్జీలైన ఇద్దరు, ఒకే సినిమా, చూపించడానికి ఒక సన్నివేశం, తీర్పుకి ముందు నాలుగు నిమిషాల మాట. నిర్మాతలు పాటలూ ట్రైలర్లూ ఇచ్చినట్టే ఒక పూర్తి సన్నివేశం కూడా ఇచ్చే ధైర్యం చేస్తే ఇది మన దగ్గరా సాధ్యమే. మంచి సినిమాకి అంతకు మించిన ప్రచారం ఉండదు.

సిస్కెల్ 1999 ఫిబ్రవరి 20న కన్నుమూశాడు, 53 ఏళ్లకే. ఆ ఖాళీ సీట్లో కొన్నాళ్లు వారానికొకరు కూర్చున్నారు, 2000లో రిచర్డ్ రోపర్ స్థిరపడ్డాడు. 2006లో శస్త్రచికిత్సల తర్వాత ఎబర్ట్ గొంతు పోయింది. మాట్లాడలేని మనిషి రాయడం మాత్రం ఆపలేదు, 2013 ఏప్రిల్ 4న వెళ్లిపోయేదాకా. కార్యక్రమం 2010లో ఆగింది.

పాత ఎపిసోడ్లలో ఇప్పుడు దొరికేవి చాలావరకు అభిమానులు ఇళ్లలో వీహెచ్ఎస్ టేపుల మీద రికార్డు చేసుకుని ఇంటర్నెట్‌లో పెట్టినవే. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది, మాట స్పష్టంగానే వినిపిస్తుంది. చూడదలచుకున్నవాళ్లు తమకి బాగా నచ్చిన సినిమాతో మొదలుపెట్టండి. ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’ నచ్చినవాళ్లయితే మరీ మంచిది. తర్వాత ఐదు ఆస్కార్లు గెలిచిన ఆ సినిమాకి 1991లో ఎబర్ట్ వేలెత్తితే సిస్కెల్ దించేశాడు. ముందు సిస్కెల్ ఏమన్నాడో వినండి.