మాట వినపడని పాట

పాటలో మాట వినపడకపోతే అది ఎవరి పాట? అభ్యుదయ సాహిత్యంతో పరిచయమున్న వాళ్లెవరి దగ్గరైనా ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగానే ఉంటుంది. మైకులేని ఊరి నడుమ, చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా ప్రతి అక్షరం అందాలని ప్రజానాట్యమండలి కళాకారులు గొంతులు సానబెట్టుకున్నారు. బుర్రకథలో వంతల పని డక్కీ వాయించడంతో అయిపోదు. కథకుడి మాట జారిపోకుండా పట్టుకోవడం, ప్రశ్న వేసి మళ్లీ చెప్పించడం కూడా వాళ్ల పనే. ఆ సంప్రదాయంలో పెరిగిన మనకు స్పష్టత శిల్పానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, దాదాపు ఒక నీతి నియమం. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. ఇప్పటికీ చాలా మేరకు అలాగే అనుకుంటున్నాను. అయితే ఆ నియమాన్ని నేను ఒకచోట తప్పుగా ప్రయోగించానన్న సంగతి, దానితో ఏమాత్రం సంబంధం లేని కొన్ని ఇంగ్లీషు పాటలు వింటున్నప్పుడు తెలిసింది. ఈ వ్యాసం అందుకు.

నా దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రవాడు సెలవులకు వచ్చినప్పుడు ఆ పాటలు వినిపించాడు. "మాటల కోసం వెతక్కండి మాస్టారూ" అని ముందే హెచ్చరించాడు. తెలుగు మాస్టారికి ఇవ్వదగిన సలహా కాదది. ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో 1989లో ఏర్పడిన స్లోడైవ్ అనే బృందం పాటలవి. 2023 సెప్టెంబరులో వాళ్లు 'ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్' అనే ఎనిమిది పాటల సంపుటి తెచ్చారు. అంతకుముందే, జూన్‌లో 'కిసెస్' అనే పాటను విడిగా, వాళ్ల పరిభాషలో సింగిల్‌గా, విడుదల చేశారు. తర్వాత 'స్కిన్ ఇన్ ది గేమ్', 'ది స్లాబ్' వచ్చాయి. ఇద్దరు గాయకులు, నీల్ హాల్‌స్టెడ్, రేచల్ గోస్వెల్. ఇద్దరి గొంతూ గిటార్ల ప్రవాహంలో మునిగి, అప్పుడప్పుడు నీటి మీదికి తల ఎత్తినట్లు వినిపిస్తుంది. 2020లో గోస్వెల్ తల్లి, ఆ బృందంలో డ్రమ్ములు వాయించే సైమన్ స్కాట్ తండ్రి చనిపోయారు. సంపుటిని వాళ్లిద్దరికీ అంకితం చేశారు. అంకితం చదవకుండా విన్నవాడికి ఎవరు పోయారో పాటల్లో ఎక్కడా తెలియదు. ఎవరో పోయారని మాత్రం తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే 'కిసెస్' నాకు అంతగా పట్టలేదు. హుషారైన నడక, చెవికి ఇంపైన గిటారు వరస, తక్కినవాటితో పోలిస్తే మాట కూడా స్పష్టం. కాని మాట స్పష్టమైన ఆ పాటలోనే చెప్పిన సంగతి తక్కువ. సంపుటి చివర ఉన్న 'ది స్లాబ్' ఇందుకు పూర్తిగా విరుద్ధం. డ్రమ్ములు గోడ కట్టినట్లు లేస్తాయి, గొంతు ఆ గోడ వెనకనుంచి వస్తుంది. మూడోసారి విన్నప్పుడు మాటలు వెతకడం మానేశాను. గోడను వినడం మొదలుపెట్టాను.

దీనిమీద మన వైపునుంచి రాగల విమర్శ ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఆత్మాశ్రయత్వం, పలాయనవాదం, మధ్యతరగతి పిల్లల నిద్రమత్తు. తమాషా ఏమిటంటే ఈ విమర్శంతా 1990 దశకంలో బ్రిటిష్ సంగీత పత్రికలే చేశాయి. ఈ తరహా బృందాలకు 'షూగేజ్' అని పేరు పెట్టారు, అంటే బూట్ల వంక చూస్తూ నిలబడేవాళ్లు. గిటారు ధ్వనిని మార్చే పెడళ్లు కాలి దగ్గర ఉంటాయి, వాటిని నొక్కడానికి కిందికి చూడక తప్పదు. పనిచేసేవాడు పనిముట్టు వంక చూడటాన్ని ఆత్మరతిగా వ్యాఖ్యానించారన్నమాట! ఈ బృందాల వాళ్లు ఒకరి కచేరీలకొకరు పోయి చప్పట్లు కొడతారని, తమను తాము మెచ్చుకునే గుంపని ఇంకొక పత్రిక గేలిచేసింది. శివారు పట్టణాల పిల్లలని, వీళ్లకు లోకం పట్టదని అన్నారు. స్లోడైవ్ రెండో సంపుటి 'సౌవ్లాకీ' 1993లో ఈ దెబ్బలన్నీ తిన్నది. 1995 ఫిబ్రవరిలో మూడోది వచ్చిన వెంటనే క్రియేషన్ అనే రికార్డు సంస్థ వాళ్లను వదిలించుకుంది.

ఆ క్రియేషన్ సంస్థ కథ కూడా తెలుసుకోవాలి. స్వతంత్ర సంస్థగా పేరు తెచ్చుకున్న దానిలో దాదాపు సగం వాటాను 1992లో సోనీ కంపెనీ కొన్నది. ఆ మరుసటి ఏడాది క్రియేషన్ ఒయాసిస్ అనే బృందాన్ని చేర్చుకుంది. మాంచెస్టర్ శ్రామిక కుటుంబాల కుర్రవాళ్లు, బల్లగుద్దినట్లు మాట పలికేవాళ్లు, లక్షమంది గొంతు కలపగల పల్లవులు రాసినవాళ్లు. మన నియమం ప్రకారం చూస్తే మార్కులన్నీ వాళ్లకే. 1997 జూలైలో ఆ బృందం పాటల రచయిత నోయెల్ గాలగర్, క్రియేషన్ అధిపతి ఆలన్ మగీతో సహా ప్రధాని టోనీ బ్లెయిర్ ఇంటి విందులో దర్శనమిచ్చాడు. స్పష్టమైన గొంతు తనంతట తానే ప్రజల పక్షం కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఒయాసిస్ పాటలు చెడ్డవని నేననడం లేదు. గొంతు స్పష్టతను బట్టి వర్గ దృక్పథాన్ని కొలవడం కుదరదంటున్నాను.

ఇక మసక సంగతి. మసక అనేది ఒకటే వస్తువు అనుకోవడం దగ్గరే మన పొరపాటు మొదలవుతుంది. అది ఎక్కడినుంచి వచ్చిందని అడగాలి. ఇది ఉత్పత్తి సాధనాల ప్రశ్న. 1979లో టియాక్ కంపెనీ మామూలు కాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసే చిన్న యంత్రం ఒకటి తెచ్చింది, పేరు పోర్టాస్టూడియో. అప్పటిదాకా పాట రికార్డు చేయాలంటే స్టూడియోకు గంటల లెక్కన అద్దె కట్టాలి. ఇప్పుడు వంటింట్లో చేసుకోవచ్చు. కాని ట్రాకులు నాలుగే. ఐదో వాయిద్యం కావాలంటే మొదటి మూడింటినీ కలిపి నాలుగోదాని మీదికి దించాలి, ఖాళీ అయిన మూడింటిమీద మళ్లీ వాయించాలి. అలా దించిన ప్రతిసారీ పైస్థాయి ధ్వనులు కాస్త అరుగుతాయి, టేపు బుస కాస్త పెరుగుతుంది. 'లో-ఫై' అని ఇప్పుడు ముద్దుగా పిలుస్తున్న ధ్వనికి మూలం ఇది. ఎవరూ దాన్ని కోరి తెచ్చుకోలేదు. చేతిలో ఉన్న యంత్రం ఇవ్వగలిగింది అంతే.

న్యూజీలాండ్ దక్షిణ దీవిలోని డనీడన్ పట్టణం కుర్రవాళ్లు ది క్లీన్ అనే పేరుతో 1981లో 'టాలీ హో!' అనే సింగిల్ చేశారు. ఖర్చు ఐదారు పదుల డాలర్లకు మించలేదు. క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల దుకాణం నడుపుతున్న రోజర్ షెపర్డ్ అనే యువకుడు అప్పుడే మొదలుపెట్టిన ఫ్లయింగ్ నన్ అనే చిన్న సంస్థ దాన్ని అచ్చువేసింది. ఆ దేశపు అమ్మకాల జాబితాలో అది 19వ స్థానానికి చేరింది. పెద్ద కంపెనీల చూపు పడని ఒక మూల తనను తాను వినిపించుకుంది. ఆ మసకలో ఒక సామాజిక వాస్తవం ఉంది.

మనకిది తెలియని అనుభవం కాదు. నా చిన్నతనంలో, 1980ల చివర, మా ఇంటికి ఉద్యమ పాటల కాసెట్లు వచ్చేవి. కాసెట్‌నుంచి కాసెట్‌కు, దాన్నుంచి ఇంకొక కాసెట్‌కు ఎక్కించినవి. డప్పు చినిగినట్లు వినిపించేది, గొంతు బుసలోంచి వచ్చేది, కొన్ని చరణాల్లో మాట తెలిసేదే కాదు. మా నాన్న చెవి స్పీకరుకు ఆనించి వినేవాడు. ఆ పాట ఎన్ని చేతులు మారి మా గడపలోకి వచ్చిందో ఆ బుస చెప్పేది. అప్పుడెవరైనా అస్పష్టత అని దాన్ని తిరస్కరించారా?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్ నగరంలో రాబర్ట్ పొలార్డ్ అనే ఒక బడిపంతులు ఉండేవాడు. పద్నాలుగేళ్లు చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పాడు. మిత్రులతో కలిసి ఇళ్ల నేలమాళిగల్లో గైడెడ్ బై వాయిసెస్ పేరుతో పాటలు కట్టి ఇలాంటి యంత్రం మీదే రికార్డు చేశాడు. 1994లో వచ్చిన 'బీ థౌజండ్' సంపుటిలో పాటలు ఇరవై, అన్నీ కలిపి నలభై నిమిషాలకు లోపే. మొదటి పాట నడుమ ఒకచోట గిటారు ఉన్నట్టుండి మాయమై మళ్లీ వస్తుంది. దిద్దలేదు, అలాగే ఉంచేశారు. పాటలు అంత పొట్టివి ఎందుకయ్యాయో సాటి పంతులుగా నాకు తెలిసినట్లే అనిపిస్తుంది. పరీక్ష పేపర్లు దిద్దిన తర్వాత మిగిలిన రాత్రిలో ఎంత పడితే అంత. (ఇది విమర్శ కాదు, ఊహ. పాఠకులు మన్నించాలి.)

ఇప్పుడు రెండోరకం మసక. ఈనాడు ఫోనులో కూడా మచ్చలేని ధ్వని రికార్డు చేసుకోవచ్చు. ఆ ధ్వనికి టేపు బుసను, కాసెట్ వణుకును తగిలించే సాఫ్ట్‌వేర్లు అంగట్లో అమ్ముతున్నారు. అరిగిన గుడ్డను కొత్తగా నేసి ఎక్కువ ధరకు అమ్మే దుకాణాలున్నట్లే ఇదీను. లేమి గుర్తులను లేమి లేనివాడు కొనుక్కుని తొడుక్కోవడం. ఇక్కడ బుస ఏ చేతి సంగతీ చెప్పదు. మరోవైపు, నిజంగా లేమిలో ఉన్న చిన్న బృందాల గతి చూడండి. స్పాటిఫై సంస్థ 2024నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లు కూడా వినబడని పాటకు పైసా చెల్లించడం లేదు. మసకను అమ్ముకునేవాడికి లాభం, మసకలో బతికేవాడికి సున్న.

ఈ రెండురకాల మధ్య గీత ఎప్పుడూ ఇంత సూటిగా ఉండదు. ఎల్ పాసో నగరంలో పుట్టిన సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ అనే బృందం సంగతి ఉంది. (పేరు చూసి మా స్టాఫ్‌రూంలో నవ్వుకున్నారు.) 2012లో వాళ్ల తొలి పాటలను అక్కడి విశ్వవిద్యాలయంలోని నాలుగంతస్తుల మెట్లదారిలో రికార్డు చేశారు. వాటిలో వినిపించే ప్రతిధ్వని ఆ మెట్లది. స్టూడియోకు బదులు దొరికిన చోటు ఆ పాటలకు ఒక ఒంటరి అందాన్నిచ్చింది. 2024లో వచ్చిన వాళ్ల సంపుటి 'ఎక్సెస్' వినండి. అదే నడక, అదే ప్రతిధ్వని, అదే గుసగుస. మెట్లు మాత్రం లేవు. 'టెహానో బ్లూ' అనే సింగిల్ పేరులో ఆ సరిహద్దు ప్రాంతపు మెక్సికన్ అమెరికన్ల సంగీతం ఉంది, పాటలో దాని జాడ వెతుక్కోవాలి. 2025 జనవరిలో వాళ్లు గురుగ్రామ్‌కు, ముంబయికి వచ్చి భారీ జనం ముందు పాడారు. ఒక మెట్లదారి ప్రతిధ్వని మైదానానికి సరిపోయే ట్రేడ్‌మార్కుగా మారిన చరిత్ర ఇది. ఆ కుర్రవాళ్లను తప్పుపట్టను. మొదటిసారి అవసరంగా వచ్చిన రూపం రెండోసారి అలవాటుగా వచ్చినప్పుడు ఏమవుతుందో మన వచన కవిత్వంలోనూ చూస్తూనే ఉన్నాం.

మరి స్లోడైవ్ ఏ రకం? పేదరికం మసక కాదు, అది ఒప్పుకోవాలి. వాళ్లకు మంచి స్టూడియోలు దొరికాయి. అయితే వాళ్ల మసక కొనుక్కున్న తొడుగు కూడా కాదు. మూడోరకం ఉందని ఒప్పుకోవడానికే నాకు ఇంత కాలం పట్టింది. అది తెలిసింది కచేరీలో. 2014లో మళ్లీ కలిసిన తర్వాత వాళ్లు దేశదేశాల్లో ఇచ్చిన కచేరీల దృశ్యాలు ఫోను తెరమీద చూశాను. ఒళ్లు అదిరించే ఆ శబ్దం తెరలో సగమైనా రాదని తెలుసు. ముందు వరసల్లో ఉన్నది ఎక్కువగా ఇరవై ఏళ్ల పిల్లలు, ఆ బృందం విడిపోయినప్పుడు పుట్టనివాళ్లు. చాలా కచేరీల్లో 'గోల్డెన్ హెయిర్' అనే పాట పాడతారు. ఆ మాటలు జేమ్స్ జాయిస్‌వి, 1907 నాటి 'చేంబర్ మ్యూజిక్' అనే చిన్న కవితల పుస్తకంలోవి. సిడ్ బారెట్ వాటికి వరస కట్టి పాడిన పాట 1970లో విడుదలైంది. స్లోడైవ్ 1991లో దాన్ని రికార్డు చేసింది. గోస్వెల్ ఆ నాలుగు మాటలూ నింపాదిగా, ఒక్కొక్కటి తెలిసేటట్లు పాడుతుంది. తర్వాత మాట ఉండదు. గిటార్లు ఒకదానిమీద ఒకటి లేచి నిమిషాల తరబడి పెరుగుతాయి. మొదట విన్న మాటలు ఆ హోరు కింద ఎక్కడో ఉన్నాయని శ్రోతకు తెలుసు, వినపడవు. మాటను చెప్పి, దాన్ని ముంచేది ఎంత పెద్దదో చూపించడం ఇక్కడి శిల్పం. హోరు అలంకారం కాదు, వస్తువు.

దీనికీ నాకూ సంబంధం ఇక్కడ వచ్చింది. రెండేళ్ల కిందట మా జిల్లా శాఖ సభలో ఒక యువకవయిత్రి తొలి సంపుటి మీద మాట్లాడాను. స్పిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు చేసే తల్లిని గురించిన కవితలవి. వాక్యాలు సగంలో తెగిపోతాయి. ఒకరన్న మాటకు మరొకరి జవాబు అతకదు. క్రియ రావలసిన చోట ఖాళీ. నేను లేచి, బాధ ఎవరిదో బాధ్యులెవరో తేలని అస్పష్టత ఇది అని, ఆధునికతావాదం పోకడ అని, పదిహేను నిమిషాలు చెప్పాను. సభ తల ఊపింది. 'ది స్లాబ్' వింటున్న రాత్రి ఆ పుస్తకం తీసి మళ్లీ చదివాను. మరల హోరులో ఎనిమిది గంటలు నిలబడ్డ మనుషులకు మాట అలాగే వినిపిస్తుంది. సగం పెదవులు చూసి గ్రహించాలి, సగం పోతుంది. తెగిన ప్రతి వాక్యం దగ్గరా యంత్రం ఉంది. బాధ్యుడు లేడని నేనన్న ఖాళీల్లోనే అతను ఉన్నాడు. ఆ అమ్మాయి రాసింది వాస్తవికత. నేను దాన్ని బ్రిటిష్ పత్రికలవాళ్లలాగా చదివాను.

ఆ పుస్తకంలో అన్ని కవితలూ ఈ మెచ్చుకోలుకు తగవు. చివరి భాగంలోని ప్రేమ కవితలకు అదే తెగిన వాక్యం అలవాటుగా వచ్చింది. అక్కడ మరా లేదు, హోరూ లేదు. అయినా మొదటి పద్నాలుగు కవితల సంగతి వేరు. ఆ సంపుటి మీద మళ్లీ మాట్లాడే అవకాశం ఇవ్వమని శాఖ కార్యదర్శికి రాశాను. ఆమెను కూడా పిలవమన్నాను, పోయినసారి పిలవలేదు.