బిల్లుకెక్కని పని

నెల్లూరు తీరంలో తిరిగే ప్రతి యంత్రానికీ ఉప్పుగాలితో పోరు తప్పదు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు... ఈ మండలాల్లో సముద్రం వైపు ఎటు పోయినా రొయ్యల గుంటలే. ఇసకపల్లి దగ్గర ఉప్పు మళ్లు. ఏరేటర్లు, నీళ్లు తోడే పంపులు, ఫైబర్ బోట్ల ఇంజన్లు రాత్రీపగలూ ఆ గాలిలోనే తిరుగుతుంటాయి. మెట్ట ఊళ్లలో ఏళ్లకేళ్లు నోరెత్తని బేరింగు ఇక్కడ ముందే తుప్పు పట్టి అరుస్తుంది. రొయ్య ధర ఎంత పెరిగిందో, ఎంత పడిందో రోజూ పేపర్లో చదువుతాం. ఆ గుంటల్ని నడిపించే గేరుబాక్సుల్ని బాగుచేసే లేత్ పని గురించి మాత్రం ఎవరూ రాయరు. ఈ వారం ఆ పని గురించి, అందులోనూ ఏ బిల్లులోనూ కనిపించని భాగం గురించి రాస్తున్నాను.

2009లో మన దేశంలో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చాక గుంటల్లో పిల్లల్ని ఒత్తుగా వదలడం పెరిగింది. దాంతోపాటే ఏరేటర్ల అవసరం పెరిగింది. నీటిలోని ప్లాంక్టన్ పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్ ఆగిందంటే రొయ్యలు పైకి తేలతాయి, కాసేపట్లో చావడం మొదలవుతుంది. అందుకే రైతు ఏరేటర్ గేరుబాక్సును బండి మీంచి దించీ దించకముందే “ఎప్పటికిస్తావన్నా?” అంటాడు. ఆ తొందర న్యాయమైనదే.

లోపల జరిగేది ఇది. ఉదాహరణకు 6206 బేరింగు తీసుకోండి. లోపలి వ్యాసం 30 మి.మీ., బయటిది 62, మందం 16. గేరుబాక్సులో అది కూర్చునే గుండ్రటి రంధ్రం, అంటే బోరు, 62.00 నుంచి 62.03 మి.మీ. మధ్య ఉండాలి. ఆ 0.03 దాటి వదులైతే బేరింగుకు పట్టు ఉండదు. ఉప్పునీరు సీలు దాటి లోపలికి చేరితే గుండ్లు బిగుసుకుంటాయి. షాఫ్టుతోపాటు బయటి రింగు కూడా గేరుబాక్సులో తిరగడం మొదలుపెడుతుంది. తిరిగి తిరిగి బోరును అరగదీస్తుంది. బలం ఎక్కువ పడే వైపు ఎక్కువ అరిగి బోరు కోలగా తయారవుతుంది. కొత్త బేరింగు తెచ్చి వేసినా అందులో నిలవదు.

తొందరలో ఉన్నవాళ్లు బోరు లోపల సెంటర్ పంచితో చుక్కలు కొట్టి, లేచిన ఆ గరుకు మీద బేరింగును దిగ్గొడతారు. లేదంటే పల్చటి రేకు ముక్క చుట్టి తోస్తారు. అదృష్టం ఉంటే ఆ పంట గట్టెక్కుతుంది. చుక్కల మొనలు అరిగాక మళ్లీ కథ మొదటికొస్తుంది. సరైన పద్ధతి వేరు. పాడైన బోరును 70 మి.మీ. దాకా పెద్దది చేయాలి. పోత ఇనుప స్లీవు ఒకటి తిప్పి గట్టిగా ప్రెస్ చేయాలి. ప్రెస్ అయ్యేటప్పుడు స్లీవు లోపలికి కొద్దిగా నొక్కుకుంటుంది కాబట్టి, అది కూర్చున్నాకే 62కు చివరి కోత కోయాలి. అటు ఇటు ఉన్న రెండు బోర్లూ ఒకే గీత మీద రావాలి. ఒకవైపు కోసి, బాక్సు తిప్పి రెండోవైపు కోస్తే ఆ గీత కలుస్తుందన్న హామీ లేదు. రెండూ ఒక్క పట్టులో రావాలి. లేత్‌తో వచ్చిన మూడు దవడల చక్కుతో ఈ పని కాదు. బోరింగ్ బారు కావాలి, గేరుబాక్సును కదలకుండా పట్టే బరువైన పలక కావాలి. ఆ రెండూ ఎవరికి వారు తయారు చేసుకోవాల్సినవే.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరడుగుల లేత్ ఉంది. ఈ రెండు సాధనాలూ దాని మీదే చేసుకున్నాను. నాకు పని నేర్పిన మేస్త్రి ఎప్పుడూ ఒకటే అనేవాడు: “కోత యాడికీ పోదబ్బయా, ముందు పట్టు చూసుకో.” ఆ మాటలో ఎంత లెక్క ఉందో బోరింగ్ బారు చేసేటప్పుడే తెలిసింది.

ఒక చివర పట్టుకుని రెండో చివర గాలిలో ఉండే బారు, కోత బలానికి కొంత వంగుతుంది. బయటికి వచ్చిన పొడవు రెట్టింపైతే ఆ వంపు రెండింతలు కాదు, ఎనిమిదింతలు. బారు లావు రెట్టింపైతే వంపు పదహారో వంతుకు దిగుతుంది. ఉక్కు బారును దాని లావుకు నాలుగింతలకు మించి బయటికి తీయొద్దని టర్నర్లు చెప్పేది అందుకే. ఆ హద్దు దాటితే బారు వణుకుతుంది, షెడ్డంతా గరగర మోగుతుంది, బోరు లోపల అలలు అలలుగా గీతలు పడతాయి. వణికే టూలును మరింత పదును పెట్టి ప్రయోజనం తక్కువ. పట్టు మార్చాలి.

దానికి దారి బారును రెండు చివరలా పట్టడం. అదే బారును అదే పొడవులో రెండు సెంటర్ల మధ్య నిలిపి నడుమ కోయిస్తే, వంపు పదహారో వంతే. అయితే గేరుబాక్సు మొత్తం టూలును దాటి పోవాలి కాబట్టి బారు పొడవు పనికి రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువే ఉండాలి. ఆ లాభంలో చాలా భాగం అక్కడ ఖర్చవుతుంది. అయినా ఇంకో మేలు మిగులుతుంది. ఇక్కడ తిరిగేది బారు, నడిచేది గేరుబాక్సు. టూలు మొన బారు నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో మొదటి నుంచి చివరి దాకా అంతే దూరంలో ఉంటుంది. కాబట్టి బోరు ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుగ్గా రాదు.

ఈ ఉపాయమే ఆవిరి యంత్రానికి ప్రాణం పోసింది. జేమ్స్ వాట్ 1769లోనే పేటెంటు తీసుకున్నా, పిస్టన్ పక్కనుంచి ఆవిరి పోకుండా గుండ్రటి సిలిండరు కోసిచ్చేవాళ్లు దొరకలేదు. అప్పటి యంత్రాల్లో కోత తల పొడవాటి కడ్డీ చివర వేలాడుతూ, పోతలో వచ్చిన వంకరనే పట్టుకుని పోయేది. 1775లో జాన్ విల్కిన్సన్, సిలిండరు రెండు వైపులా తెరిచి ఉంటుంది కదా అని, లావుపాటి బారును అందులోంచి దూర్చి రెండు చివరలా ఆధారం ఇచ్చాడు. మరుసటి ఏడాది, 50 అంగుళాల వ్యాసం ఉన్న సిలిండరులో తేడా ఎక్కడా పాత షిల్లింగ్ బిళ్ల మందాన్ని మించలేదని వాట్ భాగస్వామి మాథ్యూ బోల్టన్ రాసుకున్నాడు. ఇవాళ మా షెడ్డులో మిల్లీమీటరులో నూరో వంతును కొలుస్తున్నాం. బారును పట్టే సూత్రం మాత్రం అదే.

నా బారు 32 మి.మీ. లావు ఈఎన్8 ఉక్కు. రెండు చివరలా సెంటర్ రంధ్రాలు. వాటిని శుభ్రంగా, 60 డిగ్రీల కోణంలో చేయడం మీదే బారు గుణమంతా ఉంది. నడుమ అడ్డంగా రంధ్రం వేసి హెచ్‌ఎస్‌ఎస్ టూలు ముక్క దూర్చాను. పక్కనుంచి గ్రబ్ స్క్రూ ఒకటి దాన్ని బిగిస్తుంది. వెనకనుంచి ఎం6 స్క్రూ దాన్ని ముందుకు నెడుతుంది. ఎం6 పిచ్ 1 మి.మీ. స్క్రూను ఇరవయ్యో వంతు చుట్టు తిప్పితే టూలు 0.05 మి.మీ. ముందుకొస్తుంది, బోరు వ్యాసం 0.10 పెరుగుతుంది. డయల్ గేజి టూలు మొన మీద ఆనించి చూస్తూ తిప్పితే అంతకన్నా సన్నగానూ సర్దవచ్చు.

ఇక పలక. పాత ఇనుము కొట్టులో కిలోల లెక్కన దొరికే 40 మి.మీ. మందం ప్లేటు. 300 మి.మీ. చదరం కోయిస్తే బరువు 28 కిలోలు దాటుతుంది. ఆ బరువు వృథా కాదు, వణుకును మింగేది అదే. అలాగని ఇష్టమొచ్చినంత మందం పెట్టడానికి లేదు. లేత్ మీద కాంపౌండ్ స్లైడు తీసేసి ఆ చోట పలక బిగించి, పలక మీద గేరుబాక్సు పెడితే బోరు మధ్యభాగం లేత్ సెంటరు ఎత్తుకు రావాలి. పలక పెంచిన ప్రతి మిల్లీమీటరూ గేరుబాక్సుకు తగ్గుతుంది.

గ్యాస్‌తో కోసిన అంచు గట్టిపడి ఉంటుంది. దాన్ని ముందు గ్రైండ్ చేయకపోతే టూలు మొన ఎగిరిపోతుంది. పలక మూలల మధ్య కొలత 424 మి.మీ., అందుకే లేత్ గ్యాప్ ముక్క తీసి ఫేస్‌ప్లేటుకు బిగించాను. చదరం కాబట్టి టూలు ఒక్కో మూల తగిలినప్పుడల్లా టక్కు టక్కుమంటుంది. తొందరపడకుండా మెల్లగా తిప్పుతూ మధ్యకు పోతే ఆ చప్పుడు ఆగి కోత నున్నగా సాగుతుంది. సరిగా కట్టిన లేత్ ఫేసింగ్ చేస్తే ఉపరితలం మధ్యలో వెంట్రుకవాసి లోతుగా వస్తుంది. లేత్ తయారుచేసేటప్పుడే అలా అమరుస్తారు. లోతుగా ఉన్న పలక మీద వస్తువు అంచుల మీద నిలుస్తుంది, ఉబ్బుగా ఉంటే ఊగుతుంది.

అంతకన్నా చదునుగా కావాలంటే స్క్రేపర్ పట్టుకుని చేత్తో గీకాలి. దానికి 1840లో జోసెఫ్ విట్‌వర్త్ గ్లాస్గోలో వివరించిన పద్ధతి ఉంది. రెండు పలకల్ని నీలం రంగు పూసి ఒకదానితో ఒకటి సరిచూస్తే, ఒకటి ఉబ్బుగా ఇంకోటి గుంతగా ఉన్నా కలిసిపోతాయి. మూడు పలకలుండి, ఏ రెండింటిని జత చేసినా కలిశాయంటే మూడూ చదునే. ముందే చదునైన పలక ఒక్కటీ లేకుండా చదును పుట్టించే దారి అది.

తర్వాత 40 మి.మీ. ఎడంలో వరసగా రంధ్రాలు. ఎం12 మరకు 10.2 మి.మీ. డ్రిల్లు. ఒక్కో రంధ్రంలో ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ, రజను తీస్తూ, నూనె వేస్తూ పోవాలి. భుజాలు పట్టేస్తాయి. ఇదంతా అయ్యాక కూడా రైతుకు ఇవ్వడానికి చేతిలో ఒక్క వస్తువూ ఉండదు.

పలక విలువ తెలిసేది మొదటి గేరుబాక్సు దాని మీద కూర్చున్నప్పుడు. క్లాంపులు బిగించేటప్పుడు డయల్ గేజి మొన బాక్సు పక్కన ఆనించి చూడండి. నట్టు తిప్పుతుంటే ముల్లు కదిలిందంటే బాక్సు వంగుతోందన్న మాట. ఆ వంపులోనే కోస్తే, లేత్ మీద ఉన్నంతసేపూ బోరు గుండ్రంగానే కొలతకొస్తుంది. నట్టు విప్పగానే బాక్సు తన ఆకారానికి పోతుంది, బోరు కోలగా మారుతుంది. అందుకని ముల్లు కదిలిన చోట అడుగున సన్నటి షిమ్ము దూర్చి మళ్లీ బిగించాలి. ముల్లు నిలిచేదాకా కోత మొదలుపెట్టకూడదు. బోరింగ్‌లో నైపుణ్యమంతా ఈ మాత్రం ఓపికలోనే ఉంది.

ఎండ సంగతీ చెప్పుకోవాలి. ప్రపంచమంతా కొలతలకు ప్రామాణికంగా పెట్టుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో నెల్లూరు 40 దాటుతుంది, రేకుల షెడ్డు సంగతి చెప్పక్కర్లేదు. మైక్రోమీటరు, పని రెండూ ఒకే వేడిలో ఉంటే పెద్ద చిక్కు లేదు, ఉక్కూ పోత ఇనుమూ దాదాపు ఒకేలా సాగుతాయి. కోత వేడికి బాక్సు ఒక్కటే 20 డిగ్రీలు పెరిగితే మాత్రం 62 మి.మీ. బోరు సుమారు 0.013 మి.మీ. పెద్దదిగా కనిపిస్తుంది. మనకున్న వెసులుబాటు 0.03లో ఇంచుమించు సగం అక్కడే పోతుంది. చివరి కోతకు ముందు బాక్సు చల్లారేదాకా ఆగాలి. పనయ్యాక పలకకు, బారుకు నూనె పూయకుండా ఇంట్లోకి పోకూడదు. ఒక్క రాత్రి ఉప్పుగాలికి వదిలినా పొద్దునకు ఎర్రగా తేలుతుంది.

ఇంత శ్రమకు ఎవరు డబ్బిస్తారు? ఎవరూ ఇవ్వరు. రైతు ఇచ్చేది బోరుకు. పలకకూ బారుకూ పట్టిన కాలం ఏ చీటీలోనూ పడదు. మన షాపుల్లో చాలావాటికి ఇలాంటి సాధనాలు లేనిది అందుకే. పనివాళ్లలో నేర్పు తక్కువై కాదు. ఒకదాని మీద ఒకటి అత్యవసరం పని వచ్చిపడుతుంటే తన సాధనం తాను చేసుకునే తీరిక ఎవరికీ దొరకదు. సాధనం లేదు కాబట్టి పంచి చుక్కల పని చేస్తారు. చుక్కల పని నిలవదు కాబట్టి అదే గేరుబాక్సు మళ్లీ అత్యవసరంగా వస్తుంది. ఈ చుట్టు నుంచి బయటపడే దారి ఒక్కటే, ఎవరూ అడగని పని ముందు చేయడం. యంత్రాలను తయారుచేసే యంత్రాలు మనమే చేసుకోవాలన్న పట్టుదల తెలుగు నేలకు కొత్త కాదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది 1943లో, స్వాతంత్ర్యం రాకముందే. చక్కులు, గ్రైండింగ్ యంత్రాలు చేసిన ఆ సంస్థ వెనకున్న ఆలోచనకూ, రేకుల షెడ్డులో పలక గీకే టర్నరు ఆలోచనకూ తేడా కొలతలోనే.

ఐటీఐలో టర్నర్ ట్రేడు రెండేళ్లు. పరీక్ష కోసం చేసిన ముక్కలు చివరికి తుక్కులోకి పోతాయి. వాటికి బదులు ప్రతి కుర్రాడూ తన పేరు కొట్టిన బోరింగ్ బారు ఒకటి, చిన్న పలక ఒకటి చేసి వెంట తీసుకుపోయేలా చూస్తే ఎంత బాగుంటుంది! మొదటి ఉద్యోగంలోకో, సొంత షెడ్డులోకో సర్టిఫికెట్టుతోపాటు ఆ రెండూ వెళ్తాయి. పట్టు గురించి వాడికి మళ్లీ ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

రైతులకూ ఒక విన్నపం. పంటకూ పంటకూ మధ్య గుంటలు ఎండబెట్టే రోజుల్లో ఏరేటర్లు గట్టు మీద ఊరికే పడి ఉంటాయి. అప్పుడే షాఫ్టు పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. ప్లే తగిలితే మోటారు, చక్రాలు విడదీసి గేరుబాక్సు అప్పుడే షాపుకు తీసుకురండి. రెండు బోర్లూ ఒక్క పట్టులో కోసి, స్లీవు వేసి, చల్లారనిచ్చి కొలిచే తీరిక మేస్త్రికి ఆ రోజుల్లోనే ఉంటుంది. పిల్లల్ని వదిలాక నడిరాత్రి బాక్సు ఎత్తుకొస్తే, ఎంత మంచి మేస్త్రి అయినా చేయగలిగింది పంచి చుక్కల పనే.