గోదాలో గుండె ఒడుపు

నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు జాతరల్లో కుస్తీ పోటీలు చూసినవాళ్లకు అసలు పహిల్వాన్‌ను గుర్తుపట్టడం తెలుసు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం దాకా వచ్చేసరికి పోటీదారులంతా బుసలు కొడుతుంటారు. ఒక్కడు మాత్రం కబుర్లు చెప్పుకుంటున్నంత తేలిగ్గా ఊపిరి తీస్తుంటాడు. కడెం వాడిదే! కండే గెలిపించేదైతే పోటీలు తూకం దగ్గరే తేలిపోవాలి. గెలిపించేది ఒడుపు. ఆ ఒడుపు చేతికెంత అవసరమో గుండెకూ అంతే అవసరం.

కుస్తీ నేర్పే తాలీంలు మన వైపు నిజాంల కాలంలో పుట్టాయంటారు, అంతకు ముందువేననీ అంటారు. కుస్తీ పట్టే గోదా మట్టిలో నూనె, పసుపు కలుపుతారు. ఎవరి పాళ్లు వాళ్లవి. ఆ సంగతులు అలా ఉంచి పనితనం చూద్దాం.

పట్టు వెయ్యమని కండకు హుకుం ఇస్తూనే మెదడు గుండెకూ కబురు పంపుతుంది. కసరత్తు మొదలుపెట్టిన క్షణంలోనే నాడి వేగం పుంజుకోవడం 1913లో కోపెన్‌హాగన్‌లో క్రోగ్, లిండ్‌హార్డ్ గమనించారు. కండ నుంచి సమాచారం వచ్చేంత వ్యవధి లేదు కాబట్టి ఇది మెదడు ముందుగా చేసిన ఏర్పాటేనన్నారు. పెళ్లివారు విడిదిలో దిగకముందే వంటశాలలో పొయ్యిలు రాజేసినట్టన్నమాట. తర్వాత కండ కూడా తన గోడు చెప్పుకుంటుంది. కసరత్తు ఆపగానే కాలికి పట్టీ బిగించి రక్తం ఆడకుండా చేస్తే బీపీ దిగిరాదని 1937లో ఆలం, స్మర్క్ చూపించారు. మామూలుగా బీపీ పెరిగితే మెడ రక్తనాళాల్లోని నాడులు గుండెను నెమ్మదింపజేస్తాయి. కసరత్తులో మెదడు ఆ హద్దునే పైకి జరుపుతుంది. అందుకే నాడి, బీపీ కలిసి పెరగగలుగుతాయి.

నాకు బాగా నచ్చిన ప్రయోగం 1972 నాటిది. గుడ్విన్, మెక్‌క్లోస్కీ, మిచెల్ కండరాన్ని కంపింపజేసి, అదే బలాన్ని తక్కువ ప్రయత్నంతో పుట్టించేలా చేశారు. బలం మారలేదు, బీపీ, నాడి తక్కువ పెరిగాయి. అంటే గుండె మీద పడే భారాన్ని ఎత్తిన బరువొక్కటే నిర్ణయించదు, మెదడు ఎంత ప్రయాసపడుతోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. తాలీం నడిపే ఉస్తాద్‌లు ఒకే పట్టును వందలసార్లు వేయించడంలోని గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఒంటికి పట్టిన పట్టుకు ప్రయాస తక్కువ, గుండెకు ఖర్చూ తక్కువ.

తాలీం క్రమం చూడండి. బస్కీలు, దండీలు ఊపిరి లయ తప్పకుండా తీయాలి. కదలకుండా బిగించే పట్టులో బీపీ ఒక్కసారిగా లేస్తుంది కనుక ఆ బిగింపులోనూ ఊపిరి ఆడాలి. ఆఖరి బస్కీ కాగానే కూలబడితే ఉస్తాద్ ఊరుకోడు. "కూసోకు బిడ్డా, తిరుగు" అంటాడు. ఠక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. ఏ పుస్తకమూ చదవకుండా ఎంత చక్కగా కనిపెట్టారు!

ఈ విద్య ఎంతదాకా తీసుకెళ్తుందో గామా పహిల్వాన్‌ను చూస్తే తెలుస్తుంది. 1910లో లండన్‌లో పోలండ్ పహిల్వాన్ జిబిస్కోతో రెండున్నర గంటలు తలపడినా ఫలితం తేలలేదు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషంలోపే పడగొట్టాడు. మన వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచాడు, ఛాతీ మీద ఏనుగును నిలుపుకున్నాడు. వాయుస్తంభన సాధించాడని చెప్పుకుంటారు. ఊపిరి బిగబట్టడం ఆటలు కాదు. గుండె ఆపగలమన్న యోగులను వెంగర్, బాగ్చీ, ఆనంద్ పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించారు. ఛాతీ బిగబట్టినప్పుడు నాడి అందలేదు గానీ ఈసీజీలో గుండె కొట్టుకుంటూనే ఉంది. అంతటి ఒత్తిడిని గురువు లేకుండా తలకెత్తుకుంటే ప్రమాదం.

ఇప్పుడు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా హైవే వెంట జరుగుతున్నది అదే. నైట్ షిఫ్ట్ దిగిన కుర్రాడు నిద్ర లేకుండా జిమ్‌కు వెళ్తాడు. అద్దం ముందు ఊపిరి బిగబట్టి మోయలేని బరువెత్తుతాడు. 1985లో మెక్‌డూగల్ బృందం కెనడాలో ఆరితేరిన బాడీబిల్డర్ల బీపీని రక్తనాళంలోనే కొలిచింది. కాళ్లతో భారీ బరువు నెడుతుంటే అది సగటున 320/250కి చేరింది! వాళ్లు సాధన ఉన్నవాళ్లు. మనవాడికి మూడు నెలల్లో కండలు కావాలి, అందుకు స్టెరాయిడ్ సూది కావాలి. ఆ సూది బీపీ పెంచుతుంది, గుండె గోడను మందం చేస్తుంది. దీన్ని ఫిట్‌నెస్ అని అమ్ముతున్నారు. ముందే మాట్లాడుకుని పడే నూరా కుస్తీకి, ఈ కండకు తేడా ఏముంది? రెండూ చూపుకే.

నేను మట్టి పక్షం. దాచుకోను. పారిశ్రామికవాడల్లో వేలమంది ఒంటి కష్టం మీద బతుకుతున్నారు. బస్తా ఎత్తే హమాలీకి కావలసింది కూడా ఈ ఒడుపే. కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) డబ్బుతో వాడకో గోదా తవ్వించాలి, ముసలి ఉస్తాద్‌లకు జీతమిచ్చి కూర్చోబెట్టాలి. పక్కనే బీపీ మిషన్ పెట్టి, దిగేముందు ప్రతివాడినీ పరీక్షించాలి. ఉస్తాద్‌లు ఉన్నప్పుడే నేర్చుకోవాలి. వాళ్లు పోయాక వీడియోలు చూసి వచ్చే విద్య కాదిది.